43,560 నాకు అర్థమైన తీరు: రియల్ ఎస్టేట్ లైసెన్సు పరీక్ష లెక్కలతో నా అనుభవం

కాలిఫోర్నియాలో ఇళ్ల క్రయవిక్రయాలు జరిపించడానికి కావలసిన సేల్స్‌పర్సన్ లైసెన్సు పరీక్షను నేను రెండుసార్లు రాశాను. మొదటిసారి తప్పాను. రెండోసారికి నన్ను సిద్ధం చేసింది నెల్లూరు మూలాపేటలో మా పుట్టింటి వరండా, సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మా నాన్న, కౌలు లెక్కలు, ధాన్యం లెక్కలు తప్ప మరే గణితమూ తెలియని మా అమ్మ. అమెరికా పరీక్షకు నెల్లూరులో చదువుకోవడమేమిటని అడిగిన స్నేహితులకు వివరంగా చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

ముందు పరీక్ష సంగతి చెప్పాలి. ఒక్కొక్కటి 45 గంటల చొప్పున మూడు కోర్సులు, మొత్తం 135 గంటలు పూర్తి చేస్తేగానీ పరీక్షకు కూర్చోనివ్వరు. మూడు గంటల్లో 150 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి, 70 శాతం సరిగ్గా రావాలి. అంటే 105 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు దొరికేది ఒక నిమిషం 12 సెకన్లు. లెక్కల ప్రశ్నలు కొద్దే ఉంటాయి, చట్టమూ ఒప్పందాలూ ఎక్కువ, కాబట్టి లెక్కలు వదిలేసినా గట్టెక్కవచ్చని చాలామంది సలహా ఇస్తారు. నేను ఆ సలహాను పాటించి తప్పాను. లెక్కలు వదిలేస్తే ఆ కొద్ది మార్కులు మాత్రమే పోవు. లెక్క కనబడగానే పుట్టే బెదురు పక్కనున్న నాలుగు ప్రశ్నలను కూడా పాడు చేస్తుంది, గడియారం వైపు చూపు పోతుంది, తెలిసిన చట్టం కూడా తడబడుతుంది. నా విషయంలో జరిగింది అదే.

పూర్తిగా వదిలేశాననీ కాదు. సూత్రాలన్నీ నలభై అట్టముక్కల మీద రాసుకుని, బస్సులో వెళ్తూ, వంట చేస్తూ వల్లె వేశాను. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. మైలు అంటే 5,280 అడుగులు. విలువ అంటే నికర ఆదాయాన్ని రేటుతో భాగించగా వచ్చేది. అన్నీ నోటికి వచ్చాయి. కానీ ప్రశ్నలో అడిగిన దిక్కు మారితే, అంటే ఇచ్చిన చోట అడిగి, అడిగిన చోట ఇస్తే, ఏ అట్టముక్క తీయాలో తెలిసేది కాదు. డిగ్రీలో నేను చదివింది తెలుగు సాహిత్యం. పదో తరగతి తరువాత లెక్కల పుస్తకం ముట్టుకోలేదు.

ఆ చలికాలంలోనే అమ్మకు కంటి శుక్లాల ఆపరేషను నిర్ణయమయింది. పిల్లవాడిని తీసుకుని నాలుగు నెలలకు నెల్లూరు వచ్చాను, అట్టముక్కలను కూడా వెంట తెచ్చాను. వచ్చిన వారానికి, నేను వరండాలో కూర్చుని 43,560 అని గొణుక్కుంటూ ఉంటే నాన్న పేపరు దించి, "ఆ అంకె యాడ్నుంచి వచ్చిందో తెలుసా అమ్మాయ్?" అని అడిగారు. తెలియదన్నాను. "తెలియకుండా ఎట్టా గుర్తుంటది? ముందు గీత గీయి, అంకె తర్వాత" అన్నారు. పాత క్యాలెండరు వెనకవైపు ఒక పొడుగాటి దీర్ఘచతురస్రం గీశారు. వెడల్పు ఒక గొలుసు, పొడవు పది గొలుసులు. గొలుసు అంటే 66 అడుగులు. 66ను 660తో గుణించమన్నారు. గుణించాను, 43,560 వచ్చింది.

ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ అనే గణితవేత్త 1620లో రూపొందించిన గొలుసు అది. అందులో 100 లింకులు ఉంటాయి, ఒక్కో లింకు 7.92 అంగుళాలు. అడుగులతో సరిపోలని వింత కొలతలా కనిపించే ఆ 66, ఎకరాన్ని పది చదరపు గొలుసులుగా తేల్చడానికి ఎంచుకున్న కొలత. పది చదరపు గొలుసులంటే లక్ష చదరపు లింకులు, అందులో నూరో వంతయిన సెంటు వెయ్యి చదరపు లింకులు. నాన్న ఉద్యోగంలో చేరిన నాటికి పాత ఎఫ్.ఎం.బి.ల్లో, అంటే పొలాల పటాలూ కొలతలూ ఉండే సర్వే పుస్తకాల్లో, కొలతలన్నీ లింకుల్లోనే ఉండేవి. పొలం మధ్యగా జి-లైను అనే ఆధార రేఖ వేసి, దాని నుంచి ఒక్కో మూలకు ఆఫ్‌సెట్లు, అంటే లంబంగా కొలిచిన దూరాలు తీసి, పొలాన్ని త్రిభుజాలుగా, సమలంబ చతుర్భుజాలుగా విడగొట్టి, లింకుల్లో గుణించి, వచ్చిన అంకెలో మూడు స్థానాలు వెనక్కి జరిపితే సెంట్లు తేలిపోయేవి. మద్రాసు రాష్ట్రపు సర్వే పద్ధతి అది. కోవూరు చుట్టుపక్కల పొలాలను ఆయన అట్లా కొలిచేవారని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఆ గొలుసే సముద్రాలు దాటి అమెరికా నేలనూ కొలిచిందని మాత్రం ఆ రోజుకు గాని నాకు తట్టలేదు.

సెంటు సంగతి తెలిశాక ఇంకో చిక్కు కూడా విడిపోయింది. 75 అడుగుల వెడల్పు, 150 అడుగుల పొడవు ఉన్న స్థలం ఎన్ని ఎకరాలని ప్రశ్న. 11,250 చదరపు అడుగులను 43,560తో భాగిస్తే 0.2583 వస్తుంది. ఇంతకుముందు ఈ 0.2583 నాకు ఒట్టి దశాంశం, అది తప్పో ఒప్పో తెలిపే గుర్తేదీ నా దగ్గర ఉండేది కాదు. ఇప్పుడది 25.83 సెంట్లు. పాతిక సెంట్ల స్థలమంటే ఎంతో నా కంటికి తెలుసు. జవాబు 2.58 అనో 0.0258 అనో పొరపాటున వస్తే, అది రెండున్నర ఎకరాలో రెండున్నర సెంట్లో అయి, గీసిన బొమ్మతో పొసగక వెంటనే పట్టుబడుతుంది.

నెల్లూరులో స్థలాన్ని సెంట్లకన్నా అంకణాల్లో చెప్పుకోవడమే ఎక్కువ. ఒకప్పుడు ఇంట్లో రెండు దూలాల మధ్య ఎడాన్ని అంకణమనేవారు. ఇప్పుడు మా ఊళ్లో అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది చదరపు గజాలు. తిరుపతి వైపు వెళ్తే అదే మాటకు 36 చదరపు అడుగులే. మూలాపేటలో మా ఇంటి స్థలం 30 అడుగులు, 48 అడుగులు, 1,440 చదరపు అడుగులు, సరిగ్గా ఇరవై అంకణాలు. ఎకరానికి ఎన్ని అంకణాలో లెక్క కట్టమన్నారు నాన్న. 43,560ని 72తో భాగిస్తే శేషం లేకుండా 605 వచ్చింది. ఈ 605 పరీక్షలో ఎవరూ అడగరు. అయినా అది తేలిన రోజున నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు. నేను పుట్టిన ఇంటి కొలతా, నేను చదువుతున్న పుస్తకంలోని కొలతా ఒకదానిలో ఒకటి సరిగ్గా ఇమిడాయి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టినవి సెక్షన్ల లెక్కలు. అమెరికాలో 1785 నాటి ల్యాండ్ ఆర్డినెన్సుతో మొదలైన పద్ధతి ప్రకారం నేలను ఆరు మైళ్ల చదరాలుగా, అంటే టౌన్‌షిప్పులుగా విభజించారు. ఒక్కో టౌన్‌షిప్పులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షను ఒక చదరపు మైలు, 640 ఎకరాలు. కాలిఫోర్నియాలో ఈ గీతలన్నీ మూడు మూలస్థానాల నుంచి లెక్క. వాటిలో ఒకటైన మౌంట్ డయాబ్లో కొండ మేముండే ఊరికి అంత దూరం కాదు. ఈ 640 కూడా కంఠస్థం చేయవలసిన అంకె కాదని నాన్నే చూపించారు. మైలుకు 80 గొలుసులు, 80ని 80తో గుణిస్తే 6,400 చదరపు గొలుసులు, పదేసి చదరపు గొలుసులకు ఒక ఎకరం చొప్పున 640.

అసలు చిక్కు వర్ణనలో ఉంది. ఈశాన్యపు పావు, నైరుతి పావు, ఉత్తరపు సగం అంటూ భాగాలను ఇంగ్లీషులో చిన్నదానితో మొదలుపెట్టి పెద్దదానితో ముగిస్తారు. బొమ్మ గీయాలంటే వాక్యాన్ని చివరి నుంచి మొదటికి చదవాలి. మొదటిసారి పరీక్షకు ముందు నేను ప్రతిసారీ తిప్పడం మరచి, తప్పుడు మూలలో గడి నింపేదాన్ని. వరండాలో నాన్నకు వివరించడం కోసం ఒక వర్ణనను తెలుగులోకి మార్చి చెప్పవలసి వచ్చింది. "సెక్షనులోని ఈశాన్యపు పావులోని నైరుతి పావులోని ఉత్తరపు సగం" అన్నాను. ఆయన నా నోటి వెంటే గీసుకుంటూ పోయారు, నేను వాక్యం ముగించేసరికి ఆయన బొమ్మా ముగిసింది. తెలుగు వాక్యం సహజంగానే పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతుంది, మన దస్తావేజుల్లో జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు, ఆ తరువాత చెక్కుబందీ (నాలుగు హద్దులు) వచ్చినట్టు. 640లో పావు 160, అందులో పావు 40, అందులో సగం 20 ఎకరాలు. ఆ రోజు నుంచి ఏ వర్ణన ఎదురైనా మనసులో తెలుగులో చెప్పుకునే గీశాను, మూలలకు ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం అనే పేర్లే పెట్టుకున్నాను. ఆ నాలుగు మూలలను మన ఇళ్లలో ఎవరూ తడుముకోరు. తెలుగులో చదువుకోవడం వల్ల ఇంగ్లీషు పరీక్షలో వెనకబడతామనే మాట నేను చాలాసార్లు విన్నాను, ఈ ఒక్క అధ్యాయంలో మాత్రం అది నాకు కొండంత అండ అయింది.

కమిషను లెక్కలు అమ్మ వంతు వచ్చాయి. నేరుగా అడిగేవి సులువే. 8,50,000 డాలర్ల ఇంటికి (అంకెలకు ఇక్కడ మన పద్ధతిలోనే కామాలు పెడుతున్నాను) 5 శాతం కమిషను 42,500, అందులో నేను ఎవరి కింద పనిచేస్తానో ఆ బ్రోకరుకు వచ్చే సగం 21,250, దానిలో 60 శాతం నాది అనుకుంటే 12,750. తిరగేసి అడిగితేనే కష్టం. ఇల్లు అమ్మే ఆమెకు 6 శాతం కమిషనూ, 4,000 డాలర్ల ఇతర ఖర్చులూ పోను 6,00,000 చేతికి రావాలి, ధర ఎంత ఉండాలి? నేను 6,04,000కు 6 శాతం కలిపి 6,40,240 అన్నాను. జవాబుల్లో అలాంటి అంకె కూడా ఒకటి సిద్ధంగా ఉంటుంది కాబట్టి తప్పు చేశానన్న అనుమానం కూడా రాదు.

అది మార్చి నెల. కోవూరు దగ్గర మా పొలంలో కోత అయింది, కళ్లంలో వడ్లు ఎండుతున్నాయి. కంటికి నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న అమ్మ నా లెక్క విని, "ఎండబోస్తే నూటికి ఆరు తరుగు పోతదనుకో. నీకు 94 పుట్లు మిగలాలంటే ఎన్ని పోయాల?" అంది. నూరు పోయాలన్నాను. "మరి నువ్వు చేసినట్టు 94కు నూటికి ఆరు కలిపితే?" కలిపి చూశాను, 99.64 వచ్చింది. పుట్టికి మా వైపు 850 కిలోలు, 0.36 పుట్టి అంటే మూడు వందల కిలోలకు పైగా తేడా. తరుగు పోయేది ఎండిన వడ్ల మీద కాదు, పోసిన వడ్ల మీద. కమిషను కూడా చేతికొచ్చే సొమ్ము మీద కాదు, అమ్మిన ధర మీద. కాబట్టి 6,04,000 అనేది ధరలో నూటికి 94 వంతులు, దాన్ని 0.94తో భాగిస్తే 6,42,553 డాలర్ల 19 సెంట్లు. భాగం, మొత్తం, రేటు అని మూడు గదులు గీసి చెప్పే బొమ్మ ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఏ గదిలో ఏది వేయాలో మాత్రం నాకు వడ్ల రాశితో తెలిసింది. ఆ తరువాత తరుగు, తగ్గింపు, ధర పడిపోవడం వంటి ప్రతి ప్రశ్నలోనూ, ఎండకముందు రాశి ఏది, ఎండిన తరువాత రాశి ఏది అని ముందుగా నన్ను నేనే ప్రశ్నించుకున్నాను.

మన అలవాటు మేలు చేయని చోటు కూడా ఒకటుంది, దాన్ని దాచకూడదు. వడ్డీ మాట వస్తే మనం నెలకు లెక్క చెప్పుకుంటాం. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. పరీక్షలో ఇచ్చే రేటు ఏడాదిది, అడిగే వడ్డీ తరచుగా నెలది. 6 శాతం అనగానే నా చెయ్యి అప్రయత్నంగా నెలకు ఆరు వేసేది. ఈ అలవాటును మానిపించడం కన్నా వాడుకోవడం మేలని నాన్న అన్నారు. ఏడాదికి ఆరు అంటే నెలకు అర్ధరూపాయి వడ్డీ. 4,00,000 డాలర్ల అప్పుకు అర్ధరూపాయి వడ్డీ చొప్పున మొదటి నెల 2,000. ముప్పై ఏళ్ల అప్పుకు నెల వాయిదా 2,398 డాలర్ల 20 సెంట్లు అయితే, అందులో 2,000 వడ్డీ పోగా అసలుకు జమ అయ్యేది 398 డాలర్ల 20 సెంట్లు మాత్రమే, రెండో నెల వడ్డీ మిగిలిన అసలు మీద. రేటు ఏదైనా ముందు పన్నెండుతో భాగించి రూపాయి వడ్డీల్లోకి మార్చుకోవడం నాకు నియమమైంది. 9 శాతం ముప్పావలా వడ్డీ, 12 శాతం రూపాయి వడ్డీ.

పన్నును అమ్మేవారికీ కొనేవారికీ రోజుల లెక్కన పంచే ప్రశ్నలు పేజీ పొడవునా ఉంటాయి గానీ, నాకు అంత కష్టపెట్టలేదు. కాలిఫోర్నియాలో ఆస్తి పన్ను ఏడాది జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. ఈ మాట చెప్పగానే నాన్న "మన ఫసలీ గదా అది" అన్నారు. నిజమే, ఆయన చూసిన అడంగళ్లన్నీ (గ్రామ భూముల లెక్కల పుస్తకాలన్నీ) జూలై నుంచి జూన్ వరకు నడిచే ఫసలీ లెక్కలోవే. 2023 జూలైలో మొదలైనది 1433 ఫసలీ. కాలిఫోర్నియాలో ఈ పన్ను రెండు కిస్తీలు. మొదటిది నవంబరు 1న పడుతుంది, డిసెంబరు 10 దాటితే అపరాధ రుసుము పడుతుంది. రెండోది ఫిబ్రవరి 1న పడుతుంది, గడువు ఏప్రిల్ 10. ఏడాది పన్ను 9,000 అనుకుందాం. చాలా ప్రశ్నల్లో ఏడాదికి 360 రోజులు, నెలకు 30 రోజులు అని పట్టుకోమంటారు, అప్పుడు రోజుకు 25 డాలర్లు. అమ్మినవారు జూన్ 30 వరకు కట్టేసి ఉండి, ఏప్రిల్ 16న ఇల్లు చేతులు మారితే, కొన్నవారు తిరిగి ఇవ్వవలసింది ఏప్రిల్‌లో 15, మే, జూన్‌లలో ముప్పైయేసి, మొత్తం 75 రోజులకు 1,875. ఎవరి ఖాతాలో జమ, ఎవరి ఖాతాలో ఖర్చు అన్నది మాత్రం ఏ పోలికతోనూ నాకు అందలేదు. రోజుకు పది చొప్పున లెక్కలు చేసి, చేతికి అలవాటు చేసుకున్నాను, అంతే.

ఆదాయాన్ని బట్టి విలువ కట్టే సూత్రం ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. ట్రంకు రోడ్డులో ఒక కొట్టు ఖర్చులన్నీ పోను ఏడాదికి 4,80,000 రూపాయలు తెస్తుందనుకుంటే, నూటికి ఆరు చాలనుకునేవాడు దానికి 80 లక్షలు పెడతాడు, నూటికి ఎనిమిది కావాలనేవాడు 60 లక్షలకు మించి పెట్టడు. రేటు పెరిగితే విలువ తగ్గుతుందన్న వాక్యం పుస్తకంలో బరువుగా కనిపించింది గానీ, బేరమాడే ప్రతివాడికీ తెలిసిన సంగతే అది. కాలిఫోర్నియాలో ఆస్తి చేతులు మారినప్పుడు కౌంటీకి (జిల్లాకు) కట్టే దస్తావేజు బదిలీ పన్ను ఇంకా తేలిక. వెయ్యి డాలర్లకు ఒక డాలరు పది సెంట్లు, కొనేవారు పాత అప్పును తామే నెత్తిన వేసుకుంటే ఆ అప్పు మేరకు మినహాయింపు. 8,50,000 ధరలో 3,00,000 పాత అప్పు తీసేస్తే మిగిలిన 5,50,000కు 605 డాలర్లు. మా ఎకరంలోని అంకణాల సంఖ్య అక్కడ మళ్లీ కనిపించేసరికి నాన్నను పిలిచి చూపించాను. రిజిస్ట్రేషను ఆఫీసులో మనం కట్టే ఏడున్నర శాతంతో పోల్చి ఆయన చాలాసేపు ఆశ్చర్యపోయారు.

తిరిగి వెళ్లేటప్పుడు నా పెట్టెలో అట్టముక్కలు లేవు. క్యాలెండరు కాగితాల కట్ట ఉంది. మే నెలలో ఓక్లాండ్ కేంద్రంలో రెండోసారి పరీక్ష రాశాను. ప్రశ్నలు బయట చెప్పకూడదన్నది నియమం, అందువల్ల ఇక్కడ రాసిన లెక్కలన్నీ నేను సాధనకు తయారు చేసుకున్నవే. చెప్పదగినది ఒకటి ఉంది. లెక్క కనబడిన ప్రతిచోటా చిత్తు కాగితం మీద ముందు గీత గీశాను, తరువాతే క్యాలిక్యులేటరు ముట్టుకున్నాను. అంకెల్లో కామాల విషయంలోనూ జాగ్రత్తపడ్డాను. మొదటిసారి వాళ్ల కామాలను చూసి ఆరు లక్షల నలభై వేలను అరవై నాలుగు వేలుగా చదివి, మూడు నిమిషాలు పోగొట్టుకున్నాను. ఈసారి పెద్ద అంకె ప్రతిదాన్నీ మన కామాలతో చిత్తు కాగితం మీద తిరగరాసుకున్నాను. మూడు గంటలు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉండగానే ముగించి, గుర్తు పెట్టుకున్న ప్రశ్నలను మరొకసారి చూసుకున్నాను. ఉత్తీర్ణురాలినయ్యాను.

లైసెన్సు చేతికొచ్చి ఏడాది దాటింది. ఆదివారం ఉదయం నాన్న వాట్సాప్‌లో ఒక లెక్క పంపడం మాత్రం ఆపలేదు. కిందటి వారం, సెక్షనులోని నైరుతి పావులోని వాయవ్యపు పావు ఎన్ని అంకణాలని అడిగారు. 40 ఎకరాలు, ఎకరానికి 605 చొప్పున 24,200 అని కాగితం ముట్టుకోకుండానే రాసి పంపాను. కాసేపటికి జవాబు వచ్చింది: "అంకె సరే అమ్మాయ్, గీత యాడ?"